సంకట సిద్ధాంతం

గణితంలో సున్నకున్న ప్రతాపాన్ని లోకం ఏనాడో ఒప్పుకొని, దానికి చెల్లవలసిన గౌరవం చెల్లించింది. తెలుగు లిపిలో మాట చివర ముద్దుగా కూర్చునే సున్నకు అంతకు మించిన ప్రతాపముందన్న సంగతిని మాత్రం పండితలోకం ఇంకా గుర్తించవలసి ఉంది. అది వచ్చి పక్కన నిలబడినంతమాత్రాన ఒక సామాన్యమైన మాట శాస్త్రమవుతుంది. శాస్త్రానికి పుటలు, పుటలకు అట్ట, అట్టమీద బంగారు అక్షరాలు వాటంతటవే సమకూరుతాయి. కొత్తగూడ కూడలి దాటాక, అద్దాల మేడల నడుమ తానూ ఒక అద్దాల మేడగా నిలిచిన ఒక పెద్ద ఆసుపత్రిలో, ఐసీయూ సీనియర్ నర్సు భూలక్ష్మికి ఈ మహాసత్యం ఒక మంగళవారం మధ్యాహ్నం బోధపడింది. శుక్రవారం ఉదయం ఆమె పీహెచ్‌డీ మౌఖిక పరీక్ష.

ఆమె గ్రంథం పేరు ‘తీవ్ర చికిత్సలో రోగి మాట: ఉన్నత నర్సింగ్ పరిచర్యకు ఒక నమూనా’. అందులో మొదటి అధ్యాయం ఇతరుల చెవుల మీద దండయాత్ర. ఒక సెక్యూరిటీ గార్డు “దమ్ము సార్, దమ్ము ఎక్కువైంది” అని రొప్పుతూ చెబితే, కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు దానిని పొగతాగే అలవాటుగా నమోదు చేసుకొని, పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టని ఆ మనిషికి సిగరెట్టు మానడం వల్ల కలిగే లాభాలను ఓపికగా వివరించిన ఉదంతంతో అది మొదలవుతుంది. తెలంగాణలో దమ్మంటే ఆయాసమని తెలియనివాడు తెలంగాణ రోగి ఛాతీమీద స్టెతస్కోపు పెట్టే ముందు ఆ రోగి మాట మీద చెవి పెట్టాలని భూలక్ష్మి అందులో శాసించింది.

నాలుగో అధ్యాయం ఆ గ్రంథానికి శిఖరం. నార్సింగిలో కొడుకు దగ్గర ఉంటున్న గోవిందప్ప అనే అనంతపురం జిల్లా రైతు, ఊపిరితిత్తులకు నిమ్ము చేరి, ముఖానికి ఆక్సిజన్ మాస్కుతో ఆమె వార్డులో పడుకున్నాడు. ఆ మాస్కు లోపలి నుంచి పదేపదే ఒకే మాట వచ్చేది: “సంకట... సంకట...” చివరి అచ్చు ఆవిరిలో కలిసిపోయేది. నొస్తున్నదా అని అడిగితే కాదని తల అడ్డంగా ఊపేవాడు. దమ్మొస్తున్నదా? కాదు. భయమైతున్నదా? కాదు. మళ్ళీ “సంకట...” అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. నొప్పి కానిది, ఆయాసం కానిది, భయం కానిది, అయినా మనిషిని ఏడిపించేది! భూలక్ష్మి ఆ మాట చివర ఒక సున్న చుట్టింది. సంకటం పుట్టింది.

పుట్టినదానికి ఆమె వైద్యం కూడా కనిపెట్టింది. డ్యూటీకి వచ్చిన ప్రతిసారీ మంచం పక్కన స్టూలు వేసుకొని, ఆయన చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకొని మౌనంగా కూర్చుంది. దానికి ‘శ్రవణ పరిచర్య’ అని నామకరణం చేసింది. గోవిందప్పను మామూలు వార్డుకు మార్చిన మరునాడు వెళ్ళి చూస్తే, ఆయన దిండుకు ఆనుకొని కూర్చొని నవ్వుతున్నాడు. సంకటం జాడ లేదు. సిద్ధాంతానికి ఇంతకంటే రుజువేం కావాలి? ఆమె గైడు జయలక్ష్మి మేడం దానిని ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాల బొమ్మగా గీయించింది. ఆసుపత్రివారు ముచ్చటపడి, రోగుల చార్టులో నొప్పి గడి పక్కన ‘సంకటం: ఉంది, లేదు’ అన్న కొత్త గడి చేర్చారు, కొత్త నర్సులకు భూలక్ష్మి చేత క్లాసులు పెట్టించారు. అడిగినవాళ్ళను నిరాశపరచడం మర్యాద కాదు గనుక రోగులు చాలామంది ఉందనే చెప్పారు. సిద్ధాంతం దినదినాభివృద్ధి చెందింది.

ఆ మంగళవారం, ఊపిరితిత్తుల ఓపీ ముందు కుర్చీల వరసలో గోవిందప్ప కనిపించాడు. పక్కన భార్య శారదమ్మ. తన శాస్త్రానికి మూలపురుషుడు కళ్ళెదుట తలపాగా సర్దుకుంటూ ఉంటే భూలక్ష్మికి ఒళ్ళు పులకరించింది.

“ఏం పెద్దాయనా, మంచిగున్నవా? నేను యాదికున్ననా?”

“నువ్వు యాదికి లేకపోతే ఇంగెవురమ్మా యాదికుండేది!” గోవిందప్ప రెండు చేతులూ ఎత్తాడు. “రెయ్యనకా పగులనకా చెయ్యి ఇడిసిపెట్టకుండా కూసుంటివి.”

“మరి ఆ సంకటం మల్ల వచ్చిందా?”

“ఏందమ్మా అది?”

“గదే పెద్దాయనా. సంకటం, సంకటం అని ఏడుస్తుంటివి గద.”

గోవిందప్ప భార్య వైపు చూశాడు. శారదమ్మ భర్త వైపు చూసింది. ఆ తరవాత ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, నవ్వు కొంగు చాటున ఆగేటంత చిన్నది కాదు.

“సంకటం కాదు తల్లీ, సంకటి! రాగిసంకటి! దినామూ ఇడ్లీ, పాలు, ఇడ్లీ, పాలు పెట్టి సంపితిరంట ఈయప్పను. మూతికి ఆ గొట్టం కట్టేస్తిరి, తినేకి తీసినా మింగేలోగా మల్లా కట్టేస్తిరి, చెప్పేకి కాలేదంట. ఒగ ముద్ద సంకటి పెట్టండ్రా సామీ అని మొత్తుకుంటా ఉంటే, ఒగ సిస్టరమ్మ వచ్చి చెయ్యి పట్టుకొని కూసుంటాండె అని, ఇంటికొచ్చినాక చెప్పి చెప్పి నవ్వె.”

“ఆ సిస్టరును నేనేనమ్మా.”

“నువ్వేనా!” శారదమ్మ నాలిక కరుచుకుంది. వెంటనే ఓదార్పుగా మిగిలినదీ చెప్పేసింది. “వార్డుకు మార్చినాక మా కోడలు హాట్‌బాక్సులో దాపెట్టి తెచ్చె. చెనిక్కాయల ఊరిబిండి నంజుకొని రెండు ముద్దలు తినె, లేసి కూసుండె.”

గోవిందప్పకు భూలక్ష్మి ముఖం చూసి జాలివేసింది. ఆమె చేతిని తట్టాడు. “ఏమనుకోవాకమ్మా. నీ చెయ్యి మంచిదే. కానీ చెయ్యి ముద్ద కాదు గదా!”

*

జయలక్ష్మి మేడం గుంటూరు మనిషి. నర్సింగ్ కాలేజీలో ఆమె గది గోడమీద, బెంగళూరు సదస్సులో సంకట వలయాల బొమ్మ ముందు నిలబడి ఆమె శాలువా కప్పించుకుంటున్న ఫొటో ఉంది. బుధవారం భూలక్ష్మి ఆ ఫొటో కిందనే కుర్చీ లాక్కొని కూర్చుంది.

“మేడం, నాలుగో అధ్యాయంలో తప్పుంది.”

“అచ్చుతప్పాండీ?”

“అచ్చుతప్పే అనుకోండి మేడం. ఒక్కటే అక్షరం.”

“దానికేముందండీ, తప్పొప్పుల పట్టిక పెట్టేద్దాం.”

“పెట్టొచ్చు మేడం. సంకటం అన్న ప్రతిచోటా రాగిసంకటి అని చదువుకోవాలని రాయాలె.”

మేడం నవ్వబోయి, భూలక్ష్మి నవ్వకపోవడం చూసి ఆగిపోయింది. కథంతా విన్న తరవాత లేచి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది, పెట్టుకుంది, మళ్ళీ తీసి తుడిచింది.

“ఆ పెద్దాయన శుక్రవారం హాల్లోకి వస్తాడాండీ?”

“ఎందుకొస్తడు మేడం?”

“మరింకేం. వచ్చే పరీక్షకుడు సీతారామాంజనేయులు గారు. భీమవరం మనిషి. వరి తప్ప మరొకటి మెతుకు కిందే జమకట్టరండీ వాళ్ళు. రాగిసంకటి ఆయన ఊహకు కూడా రాదు. మీరు అబద్ధం చెప్పక్కర్లేదు. అడగనిదానికి జవాబు చెప్పకండి. అంతే.” గొంతు తగ్గించింది. “ఆయన చేతిలో పడ్డవాళ్ళ సంగతి తెలుసుగా? ఒకతను వైవా మధ్యలోంచి లేచి వెళ్ళిపోయి రియల్ ఎస్టేటు పెట్టుకున్నాడు. మన అధ్యాయం మనమే పడగొట్టుకుంటే ఆయన మిగిలిన గోడలు ఉంచుతాడాండీ? మళ్ళీ మొదటికొస్తారు మీరు. డిగ్రీ లేదు, ఏమీ లేదు.”

సాయంకాలం నిజాంపేటలోని ఇంట్లో, పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ భూలక్ష్మి ఈ ధర్మసందేహాన్ని భర్త ముందు పెట్టింది. సంతోష్ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబు నడుపుతాడు. మనుషులను గమ్యం చేర్చే విద్యలో పట్టా అక్కర్లేని నిపుణుడు.

“జర ఆలోచించు లక్ష్మీ. గిన్నేండ్ల సంది పుస్తకాలల్ల తలకాయ పెట్టి కూసున్నవ్. పోరగాండ్ల స్కూలు ఫంక్షన్లు నేనే పోయిన, వంట నేనే చేసిన...”

“ఎన్నడు చేసినవ్?”

“మ్యాగీ చెయ్యలేదా? ఇగ ఇప్పుడు పొయ్యి, సార్, నేను చెప్పింది తప్పు అంటవా? నేను తొవ్వ తప్పినప్పుడు ఏమంటనో ఎరికేనా? మేడం, గిది షార్ట్‌కట్ అంట. దిగేటప్పుడు థాంక్స్ చెప్పి మరీ పోతరు.”

ఆ వాదంలో లోపం ఎక్కడుందో ఆమెకు వెంటనే దొరకలేదు. రొట్టె ఒక పక్క కొద్దిగా మాడింది. మాడిన పక్కను కిందికి తిప్పి, బాగున్న పక్క పైకి కనిపించేలా భర్త పళ్ళెంలో వేసింది. నోరు మూసుకొని డిగ్రీ తెచ్చుకోవాలని ఆ క్షణాన నిశ్చయించుకుంది.

*

గురువారం ఉదయం ఆమె నిశ్చయం చెక్కుచెదరకుండానే డ్యూటీకి వచ్చింది. చివరి మంచం మీద ఎల్లమ్మ. ఐటీ టవరులో ఊడ్చి తుడిచే పని ఆమెది. ఊరు పాలమూరు వైపు. పొట్టకు ఆపరేషనై, తెల్లవారగానే మూత్రపు గొట్టం తీసేశారు. ఆమె పక్కన స్టూలు వేసుకొని, శ్రవణ పరిచర్యలో లీనమై కూర్చుంది నీహారిక అనే విశాఖపట్నపు కొత్త నర్సు. భూలక్ష్మి రెండు మంచాల అవతల సెలైన్ చుక్కల వేగం సరిచేస్తోంది.

“ఒంటికొచ్చింది బిడ్డా,” అంది ఎల్లమ్మ నీరసంగా.

“మీరు ఒంటరి కాదమ్మా. మేమందరం ఉన్నాం కదా.”

“అయ్యో, ఒంటికే! ఆగుతలేదు బిడ్డా!”

“ఆపుకోవద్దమ్మా. ఏడ్చేయండి. ఏడిస్తే తేలికవుతుందండి.” నీహారిక కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ఆమె ఎల్లమ్మ చేతిని మరింత గట్టిగా పట్టుకుంది.

భూలక్ష్మి సెలైన్ చక్రాన్ని అలాగే వదిలేయలేదు. చుక్కలు లెక్కకు వచ్చేదాకా బిగించి, అప్పుడు పరుగెత్తింది. బర్రున తెర లాగింది. స్టీలు బెడ్‌పాన్ మీద వేడినీళ్ళు పోసి, చలి విరిగేలా తుడిచింది. మంచం తలవైపు ఎత్తి, ఎల్లమ్మ మోకాళ్ళు మడిచి, “జర నడుము లేపు పెద్దమ్మా, నా మెడ పట్టుకో,” అని కింద సర్దింది. కుట్లమీద బరువు పడకుండా అరచెయ్యి ఆనించి, ముఖం అటు తిప్పుకొని నిలబడింది. తెర వెనుక కొంతసేపు ఏ చప్పుడూ లేదు. తరవాత స్టీలు మీద సన్నని ధార మోగింది. ఎల్లమ్మ గుండెలోంచి ఒక నిట్టూర్పు లేచింది. ప్రపంచ తత్త్వశాస్త్రాలన్నీ కలిసి ఇవ్వజూసి ఇవ్వలేకపోయిన శాంతి ఆ నిట్టూర్పులో ఉంది.

“సల్లగుండు బిడ్డా.”

“ఎప్పటి సంది అడుగుతున్నవ్ పెద్దమ్మా?”

“పొద్దుగాల సంది. ముగ్గురు సిస్టరు పిల్లలు ఒచ్చిన్రు. ముగ్గురు చెయ్యి పట్టుకున్నరు.” ఎల్లమ్మ ఎవరినీ నిందించడం లేదు; ఉన్న సంగతి చెబుతోంది. “మీ దవాఖానల అందరు మంచోళ్ళేనే. గని ఒక్కలు ఇనరు.”

తెర అవతల నీహారిక చార్టు గుండెకు హత్తుకొని నిలబడి ఉంది. సంకటం గడిలో పొద్దుటి నుంచీ ‘ఉంది’, ‘ఉంది’, ‘ఉంది’.

“మేడం, ఆవిడ ఒంటరి అన్నారనుకున్నానండీ...”

“ఒంటికి అంటే మూత్రానికి, నీహారికా.”

“నాకు నిజంగా తెలీదండీ. మీ క్లాసులోనే చెప్పారు కదా మేడం, నొప్పి లేదంటూ ఏడుస్తుంటే చెయ్యి పట్టుకొని కూర్చోమని.”

భూలక్ష్మి బెడ్‌పాన్ కడిగి, సింకు దగ్గర నిలబడి చేతులు కడుక్కుంది. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్లు. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి కడుక్కుంది.

*

శుక్రవారం ఆసుపత్రి సెమినారు హాలు నిండిపోయింది. ముందు వరసలో ఐసీయూ అధిపతి డాక్టర్ మధుసూదన్, ఆయన వెనుక నర్సులు, వారి వెనుక ఏసీ కోసం వచ్చినవాళ్ళు. వేదికమీద సీతారామాంజనేయులు గారు ఆసీనులయ్యారు. మల్లెపువ్వులాంటి ధోవతి, భుజాన జరీ కండువా, నుదుట సన్నని బొట్టు. టీయా కాఫీయా అని అడిగితే గంభీరంగా తల ఊపారు. ఏది కావాలో తేల్చుకోలేక రెండూ తెచ్చిపెట్టారు.

మొదటి మూడు అధ్యాయాలు భూలక్ష్మి సాఫీగా చెప్పింది. వలయాల బొమ్మ తెరమీదికి వచ్చింది. జయలక్ష్మి మేడం కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది.

“ఈ బొమ్మ తప్పు సార్,” అంది భూలక్ష్మి.

వేలికి చుట్టుకున్న కొంగు అక్కడే ఆగిపోయింది.

భూలక్ష్మి ఏదీ దాచలేదు. మాస్కు, ఆవిరి, తాను చుట్టిన సున్న, హాట్‌బాక్సు, ఊరిబిండి, అన్నీ వరసగా చెప్పింది. నవ్వులు మొదలయ్యాయి. “ఇంతవరకు నవ్వొచ్చు సార్,” అని, ఎల్లమ్మ పేరు చెప్పకుండా ఎల్లమ్మ సంగతి చెప్పింది. నవ్వులు ఆగిపోయాయి. “దమ్మును సిగరెట్టనుకున్న డాక్టరును నేను మొదటి అధ్యాయంలో కడిగి ఆరేసిన. అదే తప్పు నాలుగో అధ్యాయంలో నేను చేసిన. ఆయన ఒక్క రోగి దగ్గర చేసిండు. నేను నా తప్పుకు గడి గీయించి, పిల్లలకు పాఠం చెప్పి, వార్డంతా చేయించిన. రోగి మాట అర్థం కాకపోతే మళ్ళీ అడగాలె. చెయ్యి పట్టుకునుడు అడుగుడుకు బదులు కాదు. నాలుగో అధ్యాయం వెనక్కు తీసుకుంటున్న సార్. మిగిలిన దానికి డిగ్రీ వస్తదో రాదో మీ దయ.”

ముందు వరసలో ఏదో కదిలింది. డాక్టర్ మధుసూదన్ భుజాలు అదురుతున్నాయి. కడప జిల్లాలో పుట్టి పెరిగిన ఆ మహావైద్యుడు కళ్ళు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు.

“తప్పు నాదీ ఉందమ్మా! సంకటి తిని పెరిగినోన్ని, పేషెంటు పక్కనే రోజూ రౌండ్సుకు నిలబడితి. మా ఊరి మాట నా చెవికే ఎక్కకపాయ! ఆ గడి ఈ పొద్దే పీకేయిస్తా. దాని బదులు, ‘ఏం కావాలో మళ్ళీ అడిగితిరా?’ అని పెట్టిస్తా.”

నర్సుల వరసలోంచి చప్పట్లు లేచాయి. అందరికంటే ముందు కొట్టింది నీహారిక. కానీ అవి త్వరగానే సద్దుమణిగాయి. ఎందుకంటే తీర్పు చెప్పవలసినవాడు ఇంకా మాట్లాడలేదు. సీతారామాంజనేయులు గారు ఇంతసేపూ కళ్ళు అరమోడ్చి, గడ్డం కింద చెయ్యి ఆనించి, రుషిలాగా కూర్చున్నారు. చప్పట్లకు కళ్ళు తెరిచారు. హాలంతా ఒకసారి కలయజూశారు. డాక్టరు కళ్ళలో నీళ్ళు, నర్సుల ముఖాలలో వెలుగు, గైడు ముఖంలో ప్రళయం, అభ్యర్థి ముఖంలో దేనికైనా సిద్ధమైన ప్రశాంతత. ఆయన చాలాసేపు ఆలోచించారు. ఏసీ ఒక్కటే తన అభిప్రాయం చెబుతోంది.

“అమ్మా,” అన్నారు చివరకు, కంచుగంటలాంటి గొంతుతో. “ఎన్నో వైవాలకు వెళ్ళాను. ఇలాంటిది మాత్రం నేను వినలేదు.”

భూలక్ష్మి తల వంచుకుంది.

“మీ గ్రంథం శ్రద్ధగా చదివాను. శ్రమ ఉంది. ఇవాళ మీరు చెప్పినదానికి నేను చేర్చవలసింది గానీ, తీసివేయవలసింది గానీ ఏమీ లేదు. డిగ్రీకి సిఫారసు చేస్తున్నాను.”

భూలక్ష్మి చేతులు జోడించింది. నర్సులు వేదిక ఎక్కేశారు. జయలక్ష్మి మేడం ఆమెను కౌగిలించుకొని, అందరికీ వినబడేలా, “నిజం చెప్పేయండీ, నిజాన్ని మించింది లేదండీ అని బుధవారమే చెప్పాను కదా నేను!” అని ఏడ్చింది. నాలుగో అధ్యాయాన్ని ‘మనం వినని మాటలు’ అన్న పేరుతో తిరగరాయాలని, గోవిందప్ప, ఎల్లమ్మల ఉదంతాలు అందులో ఉండాలని అక్కడికక్కడే తీర్మానం జరిగింది. సీతారామాంజనేయులు గారి వంటి కఠినుడు సత్యం ముందు కరిగిన తీరును డాక్టర్ మధుసూదన్ కొనియాడాడు. కళ్ళు మూసుకొని ఆ మహానుభావుడు ఎంత ఏకాగ్రతతో విన్నాడో, నిజమైన శ్రవణమంటే అదేనని కొత్త నర్సులకు ఉదాహరణగా చూపించాడు. ఆయన అందరికీ సమానంగా తల ఊపి, కాఫీ, టీ రెండూ అలాగే వదిలేసి బయలుదేరారు. లింగంపల్లి స్టేషనులో దింపే భాగ్యం సంతోష్‌కు దక్కింది.

హాలు ఖాళీ అయ్యాక భూలక్ష్మి వెనుక వరసలో ఒక కుర్చీలో కూలబడి చెప్పులు విడిచింది. కాళ్ళు చాపింది. ఎన్నో ఏళ్ళ తరవాత ఆమెకు చదవవలసింది గానీ దాచవలసింది గానీ ఏమీ లేదు. కిటికీలోంచి ఫ్లైఓవరు మీద కార్లు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయి కనిపించాయి. ఆ దృశ్యం కూడా అందంగానే ఉంది. ఫోను మోగింది.

“లక్ష్మీ, సార్‌ను తీస్కపోతున్న. చందానగర్ల మెడికల్ షాపు కాడ ఆపిన.”

“ఏమన్నడు? నా గురించి ఏమన్నా అన్నడా?”

“ఏమంటలేడు. నేను ఏం చెప్పినా తల ఊపుతున్నడు. మా ఆవిడ మంచిగ చెప్పిందా సార్ అంటే ఊపిండు, ఏసీ బంద్ చెయ్యాల్నా అంటే ఊపిండు.”

“పానం మంచిగ లేదా ఏంది? మందు కోసం ఆపమన్నడా?”

“మందు కాదు,” అన్నాడు సంతోష్. “చెవి మిషన్‌ల ఎయ్యనీకి బ్యాటరీ. పొద్దుగాల రైలు దిగంగనే అయిపోయిందంట.”